పండు మీది, గింజ నాది

మా అత్తమ్మ నాతో మాట్లాడదు. కోపతాపాలేమీ లేవు. అల్లుడి ముందు నెత్తిన కొంగు ఉండాలి, నోట మాట ఉండకూడదు అని ఆమెకు పెద్దవాళ్లు నేర్పారు. నేర్చుకున్నది మరిచిపోయే మనిషి కాదు. అలాగని చెప్పాల్సిన మాటను కడుపులో దాచుకునే మనిషీ కాదు. అందుకని పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా నాకు చెప్పవలసినవన్నీ మేకకు చెబుతుంది. నేను వినేంత దూరంలో, నేను వినేంత గట్టిగా. "అన్నం పెట్టాల్నా, జరసేపు ఆగాల్నా?" అని మేకను అడుగుతుంది. నేను లేచి చేతులు కడుక్కుంటాను. ఇన్నేళ్లలో మేకలు నాలుగు మారాయి, పద్ధతి మాత్రం మారలేదు. ఇప్పుడున్న నల్లమేకకు నా గురించి మా ఆవిడకన్నా ఎక్కువ తెలుసు.

మాది తాండూరు. బండలు కోసే మిషన్ మీద పని చేస్తాను. తాండూరు వాణ్ణి కనుక రాయి విషయంలో కాస్త గొప్పలు పోతాను. మా బండ పరిచిన ఇంట్లో మీ మనవల మనవలు పాకుతారని గిరాకీలకు చెప్పీ చెప్పీ, చివరికి నేనే నమ్మేశాను. అత్తమ్మ వాళ్లది కోట్‌పల్లి ప్రాజెక్టు ఒడ్డున నాలుగిళ్ల పల్లె. తాతల నాటి నుంచి మేకలు, గొర్రెలు కాసేవాళ్లు. వాళ్ల సాగంతా నీళ్లు వదిలిన నేలలో. చలికాలం నుంచి ప్రాజెక్టు నీళ్లు రోజుకింత వెనక్కి జరుగుతాయి. ఆ బయటపడిన నేలను శిఖం అంటారు. నీళ్లు జరిగినకొద్దీ వెంబడి పోతూ ఆ ఒండ్రులో విత్తనం వేస్తారు. వానలొస్తే నేల మళ్లీ నీళ్లదే. గట్టు ఉండదు, హద్దురాయి ఉండదు. పెళ్లయిన కొత్తలో నాలుగు మంచి రాతి కడీలు తెచ్చి హద్దులు పాతుతానని నేను ఉబలాటపడితే, అత్తమ్మ అప్పటి మేకతో, "అల్లుడు చెరువుకు తలుపు గూడ పెడ్తడేమో అడుగు" అంది. కడీలు వెనక్కి పోయాయి.

ఆ శిఖంలో ఆమె వేసేది ఒక్కటే, దోసపండు. బజారులో దొరికే కర్బూజకు దూరపు చుట్టం. తోలు మీద పచ్చ చారలు, లోపల తెల్లటి పిండిలాంటి గుజ్జు. పండితే తనంతట తానే పగులుతుంది. పగిలే పండు బండెక్కి పట్నం చేరదు కాబట్టి ఒడ్డు మీద మిగతా వాళ్లంతా ప్యాకెట్ గింజల కర్బూజకు మారిపోయారు. ఈమె మారలేదు. ఆ గింజలు ఆమెకు తల్లి ఇచ్చినవి. కాపురానికి పంపేటప్పుడు కొంగున గుప్పెడు కట్టి పంపిందట. తల్లి పోయి ఎన్నేళ్లయిందో అత్తమ్మకు లెక్క తెలియదు, ఫోటో కూడా లేదు. గింజలున్నాయి.

అందుకే ఆమె ఇంట్లో ఒక కట్టుబాటు. ఎవరొచ్చినా పండు పెడుతుంది. బస్సు కండక్టరైనా, గాజులమ్మే ఆమె అయినా, దారి తప్పి వచ్చినవాళ్లయినా సరే. కానీ అక్కడే కూర్చుని తినాలి. గింజలను ఎదురుగా పెట్టిన బూడిద గిన్నెలో ఉమ్మాలి. "పండు మీది, గింజ నాది" అని ముందే చెప్పేస్తుంది. పొరపాటున మింగితే ఏమీ అనదు. తినడం అయ్యేదాకా వాళ్ల గొంతు వైపే చూస్తుంది. ఒకసారి తిన్నవాళ్లెవరూ రెండోసారి మింగరు.

రెండో కట్టుబాటు ఇంకా గట్టిది. ఉన్న గింజల్లో సగమే వేయాలి. మిగతా సగం బూడిదలో కలిపి, ఎండిన ఆనపకాయ బుర్రలో పోసి, దూలానికి వేలాడదీయాలి. చెరువు ఎప్పుడు ఏం చేస్తుందో తెలియదు కనుక బుర్రను ముట్టుకోకూడదు. కొత్త గింజలు ఇల్లు చేరాకే పాతవి దించాలి.

కిందటేడు పుష్యమాసంలో ఆమె జారిపడి మోకాలు వాచింది. వికారాబాద్‌లో డాక్టరుకు చూపిస్తే కట్టు కట్టి, రెండు నెలలు మంచం దిగొద్దన్నాడు. నీళ్లు మాత్రం ఆమె మోకాలి కోసం ఆగవు కదా. "గీ ఏడు గింజలెవలేస్తరే?" అని మేకను అడిగింది. మేక నా వైపు చూసింది. అలా చూసిందని ఇప్పటికీ నా అనుమానం.

ఆదివారం తెల్లారే తాండూరులో బండి తీసి, పెద్దేముల్ మీదుగా ఒడ్డు చేరాను. మిషన్ దగ్గర వాడే సుద్ద పూసిన దారం, మూలమట్టం కూడా తెచ్చుకున్నాను. ఇన్నేళ్లుగా మేక ద్వారా మాటలు పడ్డవాణ్ణి, ఒక్కసారి నా పనితనం చూపిద్దామని ఆశ. దారం లాగి, మేకులు కొట్టి, గజం గజానికి ఒక సాలు చొప్పున బండ అంచులా తిన్నగా గీశాను. గింజలు పెట్టాను. దూరం నుంచి చూస్తే పంచాయతీ ఆఫీసులో పరిచిన గచ్చులా ఉంది. నాకు మహా ముచ్చటేసింది.

పక్కన సాగు చేసే ముసలాయన వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మస్తుగున్నది బిడ్డా, గీతలైతే" అన్నాడు. గింజల మాట ఎత్తలేదు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

నీటి అంచు తిన్నగా ఉండదు. వంకరగా పోతుంది. తడి కూడా దాని వెంటే వంకరగా పోతుంది. సాలు ఆ వంకర పట్టుకుని పోవాలి, లేకపోతే ఒక కొస ఎండలో, ఇంకో కొస బురదలో పడుతుంది. అక్కడి చిన్నపిల్లలకు తెలిసిన సంగతి. నా సాళ్లలో అటు సగం గింజలు మాడాయి, ఇటు సగం కుళ్లాయి. నడుమ మాత్రం నెత్తి మీద పాపిటలా సన్నగా మొలకలు వచ్చాయి.

అత్తమ్మ మంచం మీద ఉంది. మొలకలెట్లా ఉన్నాయని మేకను అడిగితే, మేక తరఫున నేనే "మంచిగున్నయ్" అన్నాను. ఆ మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా దూలం మీది బుర్ర దించాను. బూడిదలోంచి గింజలన్నీ ఏరుకుని, బూడిద మళ్లీ పోసి, ఎప్పటిలాగే వేలాడదీశాను. ఈసారి వంకర చూసి ఖాళీలు నింపాను. అన్నీ మొలిచాయి. బండ పని చేసేవాడికి అతుకు కనబడకుండా వేయడం వెన్నతో పెట్టిన విద్య. ఉగాదికి అత్తమ్మ కర్ర పట్టుకుని ఒడ్డు మీదికి వచ్చి, పచ్చగా అల్లుకున్న తీగలను చూసి, "తాండూరు దొర గట్టోడే" అంది మేకతో. నా జన్మకు అదే మొదటి మెప్పు. రాత్రి అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మే నెల చివర్లో, కాయలు రేపో మాపో పగులుతాయనగా, అనంతగిరి గుట్టల మీద వాన పడింది. వానంటే మామూలు వాన కాదు, ఒక రాత్రంతా కురిసింది. పొద్దున్నే మా ఆవిడ ఫోను చెవికి పెట్టుకుని నా వైపు తిరిగి, "చేనంత మునిగిందంట" అంది. నేను మిషన్ బందుచేసి బండి తీశాను.

వెళ్లి చూస్తే అక్కడ ఏమీ లేదు. చేను పాడైపోయి ఉంటే చూసి బాధపడవచ్చు. అక్కడ పాడైంది ఏదీ కనబడదు. నీళ్లున్నాయి, ఎండలో మెరుస్తున్నాయి. నిన్నటిదాకా నా సాళ్లున్న చోట ఒక తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడింది. వాకిట్లో అత్తమ్మ మేకకు ఆకు వేస్తూ, "ఫికర్ జెయ్యకే. బుర్రల సగం ఉన్నయ్ గద" అంది. అని, తలెత్తి తలుపులోంచి దూలం వైపు చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను తలదించుకుని చెప్పులు వెతుక్కున్నాను.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు భయమేసింది. వికారాబాద్ పోయి విత్తనాల దుకాణాలన్నీ తిరిగాను. పచ్చ చారల దోసపండు, పగిలే రకం, అన్నాను. దుకాణదారు మెరిసే ప్యాకెట్ ఇచ్చి, "గిది పగలది సార్, గ్యారంటీ" అన్నాడు. పగలడమే గొప్పని అతనికి నేనేం చెప్పను! ఆ ప్యాకెట్ గింజలు బుర్రలో పోద్దామని కూడా ఒక క్షణం అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ అనుకున్నాను.

అప్పుడు తట్టింది. దోసకాయ నీళ్లలో తేలుతుంది. తీగ తెగితే ఎక్కడో ఒకచోట ఒడ్డుకు కొట్టుకు రావాలి. ఒక్క పండు దొరికితే చాలు. మర్నాడు ఆదివారం. పొద్దున్నే వచ్చి, జర గాలికి తిరిగొస్తానని మేకకు చెప్పి బయల్దేరాను. నాలుగడుగులు వేశానో లేదో వెనక కర్ర చప్పుడు. అత్తమ్మ, ఆమె ముందు మేక. "మనకు గూడ గాలి గావాలె పాయె" అంటోంది దానితో.

ముగ్గురం ఒడ్డు పట్టుకుని నడిచాం. ముందు నేను, నడుమ మేక, నాలుగడుగుల వెనక ఆమె. నీళ్లు గాలికి చిన్న చిన్న అలలై వచ్చి బురద మీద గీతలు గీసి పోతున్నాయి. నా అడుగు పడ్డ చోట నీరు ఊరుతోంది, వెనక్కి తిరిగి చూసేసరికి అడుగు మాసిపోతోంది. కొట్టుకొచ్చినవి చాలానే కనిపించాయి. తుమ్మకొమ్మలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎవరిదో ఎడమకాలి చెప్పు, ముసలాయన కర్బూజలు రెండు కుళ్లినవి. మాది ఒక్కటి లేదు.

ఒకచోట ఆగిపోయాను. బురద మీది ఆ గీతలు నాకు తెలిసినవే. మా మిషన్ దగ్గరికి అప్పుడప్పుడు అచ్చం ఇలాంటి గీతలున్న బండలు వస్తాయి. వంకర బండలని పక్కన పడేస్తాం, లేదా పాలిష్ పట్టి గీతలు చెరిపేస్తాం. ఇంటికి బండలు కొనడానికొచ్చిన ఒక కాలేజీ సారు వాటిని చేత్తో తడిమి, ఈ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున బురద, ఇవి ఆ అలల గీతలు అన్నాడు. తాండూరులో సముద్రమేంటి సార్, తాగడానికే నీళ్లు లేవని నవ్వాను. ఆయన వెళ్లాక కూడా చాలా రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు ఒడ్డున నిలబడితే నవ్వు రాలేదు. శాశ్వతం శాశ్వతమని నేను అమ్మేది కూడా ఎండిన బురదేనన్నమాట. అత్తమ్మ శిఖంలాంటిదే, కాకపోతే దాని నీళ్లు ఇంకా తిరిగి రాలేదు.

అంత పెద్ద సముద్రమే లేకుండా పోయిందని తెలిశాక, ఒక అబద్ధాన్ని ఎన్నాళ్లు దాస్తాను అనిపించింది. వంగి మేక చెవి దగ్గర, కానీ గట్టిగానే చెప్పాను. "ఏమే, నీకొక మాట చెప్పాలె. గా బుర్రల గింజల్లేవు. నేనే తీసి ఏసిన. మొదలేసినయి మొలువలె. సిగ్గయ్యి ఎవ్వలకు జెప్పలె. తప్పయింది."

వెనక కర్ర చప్పుడు ఆగింది. నేను తిరగలేదు.

"నాకెర్కనే" అంది అత్తమ్మ మేకతో. "ఉగాదికి బూజు దులిపిచ్చేటప్పుడే బుర్ర ఒళ్లె పెట్టుకున్న. బూడిదల చెయ్యి పెట్టి సూసిన. బూడిదే ఉన్నది."

ఉగాదికి! తాండూరు దొర గట్టోడే అన్నది కూడా ఆ ఉగాదికే. రెండు నెలలు. "మరి తెలిసినోళ్లు ఎందుకు అడగలేదో అడుగవే" అన్నాను మేకతో.

"అడిగితే ఏమైతుండె? గింజలు మల్లొస్తుండెనా? అల్లుడు మొకం జెల్లక రాకడ బందు పెడ్తుండె." కర్ర తీసి ఇంకో చోట గుచ్చింది. "గింజలు పొయినయ్. అల్లుడు గూడ పోవాల్నానే?"

మేక కొమ్ము పట్టుకుని నిలబడ్డాను. అది నా చొక్కా కొస నమలడం మొదలుపెట్టింది.

ఇంకాస్త ముందుకు పోతే పడవలు ఎక్కే చోటు వస్తుంది. ఆదివారం కదా, హైదరాబాద్ పిల్లలు కార్లలో వచ్చి ఉన్నారు. నలుగురు ఒడ్డున దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. వాళ్ల నడుమ పచ్చ చారల తోలు. నేను పరుగెత్తాను. నా వయసుకు, నా పొట్టకు అది పరుగే.

"అంకుల్, తింటారా?" అంది ఒకమ్మాయి. "నీళ్లల్ల తేలుకుంట వచ్చింది. మస్తు టేస్టుంది."

"గింజలేవి?" అన్నాను.

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరు ఎక్కువ దూరం ఉమ్ముతారా అని పందెం వేసుకున్నారట. నేను మోకాళ్ల మీద కూలబడి బురదలో వెతకడం మొదలుపెట్టాను. ఇది మా అత్తమ్మ తల్లి ఇచ్చిన విత్తనం, ఇవి తప్ప లేవు అని చెబుతూనే ఉన్నాను. మొదట నవ్వారు, ఒకడు ఫోను తీశాడు. తర్వాత ఏమనిపించిందో, ఫోను జేబులో పెట్టి వాడూ కూలబడ్డాడు. పందెంలో గెలిచినవాడు తన గింజలు ఎంత దూరం పడ్డాయో అడుగులతో కొలిచి మరీ చూపించాడు. ఆ అమ్మాయి మాత్రం, "సారీ అంకుల్, నేను మింగేశాను" అని దిగులుగా చెప్పింది. ఆ పిల్ల గొంతు వైపు అత్తమ్మ ఒక్క చూపు చూసింది. మేము వెతుకుతుండగా మిగిలిన తోలు, దాని నడుమ గింజలు, అన్నిటి పనీ మేక పట్టింది.

చివరికి దొరికినవి పదకొండు. నా రుమాలులో పోసి ఆమె ముందు పెడితే, అత్తమ్మ ఒక్కొక్కటే వేలితో జరిపి లెక్కపెట్టింది. లెక్క అయ్యాక మళ్లీ మొదటి నుంచి పెట్టింది. అప్పటిదాకా ఆమెకు కూడా భయం వేసిందని నాకు తట్టనే లేదు. పోతే పోయాయన్నట్టు నడుస్తుంటే నిజమేననుకున్నాను.

ఇంటికొచ్చాక గిన్నెలో బూడిద పోసి పంచింది. ఐదు వేయడానికి, ఆరు దాచడానికి. ఆరింటిని బుర్రలో పోసి, మూతి గుడ్డతో కట్టి, దూలానికి కట్టకుండా నా ముందు పెట్టింది. "బుర్ర తాండూరుకు పోవాలెనే" అంది మేకతో. నేను బిత్తరపోయి చూస్తుంటే, "ఒక్కసారి కాలిన చెయ్యి జర పైలంగ ఉంటది" అంది. బుర్రను తాండూరు దాకా ఒళ్లో పెట్టుకుని, ఒంటి చేత్తో బండి నడిపాను. ఇప్పుడది మా ఇంట్లో, నేను స్వయంగా పరిచిన బండల మీద, పై నుంచి వేలాడుతోంది. నేను రోజూ కింద నుంచి చూస్తాను, ముట్టుకోను.

ఈ ఏడు నీళ్లు జరిగాక ఆ ఐదూ పెట్టాను. దారం తేలేదు. చెప్పులు విడిచి నీటి అంచు వెంబడి నడిచాను. మడమ ఎక్కడ వేలెడు లోతు దిగితే అక్కడ గింజ. నాలుగు మొలిచాయి. ప్రతి ఆదివారం వచ్చి, గిన్నెతో నీళ్లు పోసి, కాసేపు వాటి ఎదుట కూర్చుని పోతుంటాను. మా మిషన్ దగ్గర వాళ్లకు నాకు మతి చలించిందని అనుమానం.

మొన్న ఆదివారం నేను నీళ్లు ముంచుకోవడానికి అంచుకు దిగాను. అత్తమ్మ ఒడ్డు మీద కూర్చుని కర్రతో నేల గీకుతోంది. మేక తాడు ఎప్పుడు ఊడిందో ఇద్దరమూ చూడలేదు.

"అల్లుడా! మేక! మేకను పట్టు!"

నేను పట్టుకోలేదు. నిలబడిపోయాను. ఇరవై రెండేళ్లు దాటాక ఆమె నన్ను పిలిచిన మొదటి పిలుపు అది. కొంగు నెత్తి మీంచి జారిపోయింది, జుట్టంతా తెల్లగా ఉంది. ఆమె జుట్టు నేను అంతకుముందు చూడలేదు. నేనలా చూస్తూ నిలబడ్డ ఆ రెండు క్షణాల్లో మేక ఒక తీగను వేళ్లతో సహా పీకి నమిలేసింది.

పరుగెత్తి దాన్ని లాగి చెట్టుకు కట్టాను. అత్తమ్మ కొంగు సర్దుకుని అటు తిరిగి కూర్చుంది. మేకతో చెబుదామంటే ముద్దాయి అదే. గాలికి నీళ్లు వచ్చి, గీతలు గీసి, వెనక్కి పోతున్నాయి.

"మూడున్నయ్" అంది ఆమె చివరికి, నీళ్లతో. "సాలు."

నేనూ నీళ్ల వైపే తిరిగి, "సాలు అత్తమ్మా" అన్నాను.